క్వెరీ ఏఐ రాస్తుంది, జవాబు ఎవరు చెప్పాలి? వరంగల్ వైపు డేటాబేస్ వాళ్లకు ఆరు దారుల పోలిక

హన్మకొండ, కాజీపేట, కరీంనగర్‌లలో డేటాబేస్ పనిలో ఉన్నవాళ్లను, ఆ పని నేర్చుకుంటున్నవాళ్లను ఇప్పుడు ఒకే ప్రశ్న తొలుస్తోంది. డీబీఏగానే, అంటే డేటాబేస్‌ను నడిపించి కాపాడే మనిషిగానే ఉండాలా, క్లౌడ్‌కి మారాలా, డేటాను శుభ్రం చేసి చేరవేసే డేటా ఇంజినీరింగ్ పట్టాలా, డెవలపర్ అవ్వాలా, లేక పేరులో ఏఐ ఉన్న కోర్సు ఏదో ఒకటి చేసేయాలా? అమీర్‌పేట ఫ్లెక్సీలు చూసి తేల్చుకుంటే ఆ చివరిదే కనిపిస్తుంది. కానీ పేరులో ఏఐ ఉందా లేదా అన్నది కొలతే కాదు. క్వెరీ, అంటే డేటాబేస్‌ను అడిగే ప్రశ్న, రాయడం చవకైపోయింది. ఆ క్వెరీ తప్పని పట్టుకోవడం, అది పాడుచేసినదాన్ని బాగుచేయడం మాత్రం ఇంకా ఖరీదైన పనులే. ఈ రెండూ ఏ దారిలో ఎక్కువ ఉన్నాయో చూసి ఎంచుకోవడం మేలు.

"డీబీఏల పని అయిపోయింది" అన్న మాట పాతదే. 2017లో ఒరాకిల్ తన అటానమస్ డేటాబేస్‌ను ప్రకటించినప్పుడే గట్టిగా వినిపించింది. ప్యాచింగ్, బ్యాకప్, ఇండెక్స్‌ల (వెతుకులాటను వేగం చేసే సూచికలు) సంగతి అదే చూసుకుంటుందన్నారు. చాలావరకు చూసుకుంటోంది కూడా. అయినా ఏదైనా చెడినప్పుడు రాత్రి రెండింటికి ఫోన్ వెళ్లేది ఇంకా మనిషికే.

## ముందు కొలతలు

తప్పు ఎలా బయటపడుతుంది? అన్నిటికన్నా ముఖ్యమైన కొలత ఇదే, అందుకే దీనిమీద కాసేపు ఆగాలి. మామూలు కోడ్‌లో బ్రాకెట్ తప్పితే ప్రోగ్రాం అక్కడే ఆగుతుంది, ఏఐ ఆ ఎర్రర్ చదివి తానే దిద్దుకుంటుంది. క్వెరీలు రాసే భాష ఎస్‌క్యూఎల్‌లో తప్పు క్వెరీ కూడా చక్కగా నడిచి, చూడముచ్చటైన అంకె ఇస్తుంది.

ఎనుమాముల మార్కెట్ లాంటి యార్డు లెక్కలు రాసే పట్టికలు అనుకోండి. ఒక రైతు లాట్‌లో 40 బస్తాల మిర్చి ఉంది. బస్తా 45 కిలోల చొప్పున 18 క్వింటాళ్లు. కాంటా మూడు విడతల్లో అయింది: 7, 6, 5 క్వింటాళ్లు. డబ్బు రెండు విడతల్లో ఇచ్చారు. "రైతువారీగా తూకం, చెల్లింపు చూపించు" అని ఏఐని అడిగితే, లాట్, కాంటా, చెల్లింపు పట్టికలు మూడూ జాయిన్ చేసి (వరసలు జతకలిపి) సమ్ కట్టే క్వెరీ రావడం మామూలే. మూడు కాంటా వరసలు, రెండు చెల్లింపు వరసలు గుణించుకుని ఆరు వరసలవుతాయి. తూకం 36 క్వింటాళ్లని, చెల్లింపు అసలుకి మూడింతలని చూపిస్తుంది. ఎర్రర్ రాదు. కాంటాని, చెల్లింపుని లాట్‌వారీగా విడివిడిగా కూడి ఆ తర్వాత కలపాలని తెలిసినవాళ్లు పట్టుకోవాలి, లేదా రిపోర్టు పక్కన తక్‌పట్టీ (రైతుకిచ్చే లెక్క చీటీ) పెట్టి చూసినవాళ్లు పట్టుకోవాలి.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. "ఈ జాబితాలో లేనివి" అని అడిగే నాట్ ఇన్ లోపలి సబ్‌క్వెరీలో ఒక్క నల్ (విలువే లేని గడి) ఉన్నా ఫలితం ఖాళీగా వస్తుంది. బాకీలు లేవనుకుని ఫైలు మూసేస్తారు. సమయాన్ని యూటీసీలో (మన టైముకి ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రమాణ సమయం) దాచిన డేటాబేస్ మీద తేదీవారీ రిపోర్టు తీస్తే, రాత్రి 12 నుంచి తెల్లవారి 5:30 లోపు గేటు దాటిన బండ్లన్నీ ముందురోజు లెక్కలో కలిసిపోతాయి. రాత్రిపూట సరుకు దిగే యార్డులో అది చిన్న తేడా కాదు.

వెనక్కి తీసుకోగలమా? 2017 జనవరి 31న కోడ్ దాచుకునే వేదిక గిట్‌ల్యాబ్ ఇంజినీర్ ఒకరు వేరే సర్వర్ అనుకుని అసలు డేటాబేస్ సర్వర్‌లోనే డేటా ఫోల్డర్ తుడిచేశారు. తీరా చూస్తే బ్యాకప్, రెప్లికేషన్ (ఇంకో సర్వర్‌లో నకలు ఉంచడం) ఏర్పాట్లు ఐదింటిలో ఒక్కటీ సరిగ్గా అక్కరకు రాలేదు. ఆరు గంటల ముందు చేత్తో తీసిన స్నాప్‌షాట్ ఉండబట్టి గండం గడిచింది. అది మనిషి చేసిన తప్పు. 2025 జూలైలో రెప్లిట్ అనే కోడింగ్ వేదిక మీద ఒక ఏఐ ఏజెంట్, మార్పులు చేయొద్దని చెప్పాక కూడా, నడుస్తున్న డేటాబేస్‌ను తుడిచేసింది. ఆ కంపెనీ సీఈఓ బహిరంగంగా క్షమాపణ చెప్పారు. తుడిచింది ఎవరైనా, నిలబెట్టేది రీస్టోర్ చేయగల, అంటే బ్యాకప్ నుంచి డేటాను తిరిగి తేగల మనిషే.

రాతలో లేని సంగతి ఎంత? స్టేటస్ కాలమ్‌లో 7 అంటే "అడ్తిదారు ఒప్పుకున్నాడు, ఖరీదుదారు ఇంకా ఒప్పుకోలేదు" అని ఏ డాక్యుమెంట్‌లోనూ ఉండదు. ఒక గుమాస్తాకి మాత్రమే తెలుసు. ఏఐకి దాన్ని తెలుసుకునే దారే లేదు.

ఊరు, డబ్బు, కాలం. మడికొండ ఐటీ పార్కు, కరీంనగర్ ఐటీ టవర్ ఉన్నాయి, కానీ ఉద్యోగాల రాశి ఇప్పటికీ హైదరాబాద్‌లోనే. కాజీపేట నుంచి సికింద్రాబాద్ రైల్లో 132 కిలోమీటర్లు. వారానికి రెండు రోజులు ఆఫీసు అంటే నెట్టుకురావచ్చు, ఐదు రోజులంటే కుదరదు. ఈ కొలతను చిన్నచూపు చూసి తర్వాత బాధపడేవాళ్లు చాలామంది.

## ఒక్క చూపులో

నేర్చుకునే కాలం అంచనా మాత్రమే. ఎస్‌క్యూఎల్ ముందే వచ్చినవాళ్లు రోజుకు రెండు గంటలు కూర్చుంటారన్న లెక్క.

| దారి | ఏఐ చేతికి వెళ్లే పని | మనిషి దగ్గర మిగిలే పని | వరంగల్‌లో ఉంటూ | పట్టు రావడానికి |
|---|---|---|---|---|
| రిపోర్టులు, ఎస్‌క్యూఎల్ | చాలా ఎక్కువ | అంకె అర్థం, సరిచూడటం | కుదురుతుంది, కానీ అవకాశాలు తగ్గుతాయి | 2–3 నెలలు |
| డీబీఏ, క్లౌడ్ డేటాబేస్ | సగం దాకా | రీస్టోర్, అప్‌గ్రేడ్, అనుమతులు | రిమోట్‌గా కుదురుతుంది, షిఫ్టులుంటాయి | 8–12 నెలలు |
| డేటా ఇంజినీరింగ్ | సగం పైనే | డేటా నాణ్యత, ఖర్చు | ఎక్కువగా హైబ్రిడ్ | 8–10 నెలలు |
| బ్యాకెండ్ డెవలపర్ | ఎక్కువ | డిజైన్, రివ్యూ, లావాదేవీలు | కంపెనీని బట్టి | 10–12 నెలలు |
| వెక్టర్ సెర్చ్, ఏఐ యాప్‌లు | ఎక్కువ | ఫలితం సరిగ్గా ఉందో కొలవడం | రిమోట్‌గా కుదురుతుంది | వేరే పునాది మీద 3 నెలలు |
| ఊళ్లో చిన్న సంస్థల పని | స్క్రిప్టులు మాత్రమే | మిగతాదంతా | ఇక్కడే | 4–6 నెలలు, పరిచయాలకు ఇంకా ఎక్కువ |

## రిపోర్టులు, ఎస్‌క్యూఎల్

"ఈ రిపోర్టుకి ఇంకో కాలమ్ చేర్చండి" అన్న టికెట్లే రోజంతా చేస్తుంటే, బయటికి దారి ఇప్పుడే వెతుక్కోవాలి. 2023లో వచ్చిన బర్డ్ అనే టెక్స్ట్-టు-ఎస్‌క్యూఎల్ పరీక్షలో జీపీటీ-4కి సుమారు 55 శాతం, మనుషులకు సుమారు 93 శాతం వచ్చాయి. ఆ తర్వాత యంత్రాల మార్కులు బాగా పెరిగాయి. ఆ పరీక్షలో యంత్రాలు ఎక్కువగా తడబడింది గజిబిజి కాలమ్ పేర్ల దగ్గర, పట్టికలో లేని తెలివి కావలసిన చోట. కాబట్టి ఈ దారిలో ఎవరైనా నిలబడితే, "నికర ఆదాయం" అన్న మాటకు సంస్థలో ఏది లెక్కలోకి వస్తుందో, ఏది రాదో చెప్పగలిగినవాళ్లే నిలబడతారు. అకౌంట్స్ తెలిసినవాళ్లకు ఇక్కడ ఇంకా చోటుంది. ఎస్‌క్యూఎల్ ఒక్కటే తెలిస్తే లేదు.

## డీబీఏ, క్లౌడ్ డేటాబేస్

నెమ్మదైన క్వెరీ ప్లాన్ ఇచ్చి "ఎందుకు ఆలస్యం?" అంటే ఏఐ ఇప్పుడు బాగానే చెబుతుంది. లాగ్ చదివి పెడుతుంది, స్క్రిప్టు రాస్తుంది. చెప్పిన సలహాను నడుస్తున్న సిస్టమ్ మీద పెట్టేటప్పుడే తేడా తెలుస్తుంది.

ఇండెక్స్ సంగతే చూడండి. ప్రతి నెమ్మది క్వెరీకి ఏఐ ఒక ఇండెక్స్ సూచిస్తుంది. అన్నీ పెడితే ఒక్క పట్టికకే పన్నెండు అవుతాయి, ప్రతి ఇన్సర్ట్ ఆ పన్నెండింటినీ మోయాలి. ఉచిత డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌లో మామూలుగా క్రియేట్ ఇండెక్స్ నడిపితే అది పూర్తయ్యేదాకా ఆ పట్టికలో రాతలన్నీ ఆగిపోతాయి. పొద్దున వేలంపాట సాగుతుండగా ఇది చేస్తే యార్డంతా ఆగుతుంది. కాన్‌కరెంట్లీ అన్న మాట చేర్చి పెడితే రాతలు ఆగవు, కానీ ట్రాన్సాక్షన్ బ్లాక్ (అన్నీ జరగాలి, లేదా ఏదీ జరగకూడదు అన్న పనుల కట్ట) లోపల నడవదు. మధ్యలో విఫలమైతే పనికిరాని ఇండెక్స్ మిగిలిపోతుంది. క్వెరీలు దాన్ని వాడవు, రాతలు మాత్రం దాని బరువు మోస్తూనే ఉంటాయి. దాన్ని వెతికి డ్రాప్ చేసి మళ్లీ కట్టాలి.

ఇంకోటి, ట్రాన్సాక్షన్ ఐడీలు. పోస్ట్‌గ్రెస్‌లో అవి సుమారు 200 కోట్ల దగ్గర చుట్టు తిరుగుతాయి. ఆటోవాక్యూమ్ అనే శుభ్రం చేసే పని మామూలు సెట్టింగ్‌లో 20 కోట్లకే మేల్కొని ఫ్రీజ్ (పాత వరసలకు ఇవి పాతవేనని ముద్ర వేయడం) మొదలుపెడుతుంది. "ఆటోవాక్యూమ్ వల్ల సిస్టమ్ నెమ్మదిస్తోంది, ఆపేయండి" అన్న సలహాలు ఇంటర్నెట్‌లో చాలా ఉన్నాయి. ఏఐ వాటిని కూడా చదువుకునే వచ్చింది.

ఈ దారిలో అనుభవజ్ఞులకు ఇప్పుడు బాగా దొరికే పని ఒరాకిల్ నుంచి పోస్ట్‌గ్రెస్‌కి మార్పిడి. ప్రొసీజర్లను వేలకొద్దీ తిరగరాయడం ఏఐ గంటల్లో చేస్తుంది. చిక్కులు చిన్నచిన్న తేడాల్లో ఉంటాయి. ఒరాకిల్‌కి ఖాళీ స్ట్రింగ్ అన్నా నల్ అన్నా ఒకటే, పోస్ట్‌గ్రెస్‌కి వేర్వేరు. ఒరాకిల్ డేట్‌లో గంట, నిమిషం, సెకను కూడా ఉంటాయి, పోస్ట్‌గ్రెస్ డేట్‌లో రోజు మాత్రమే. ప్యాకేజీలన్నవి పోస్ట్‌గ్రెస్‌లో అసలు లేవు. కోడ్ మారింది, టెస్టులు పాసయ్యాయి, నెలాఖరు లెక్కలో మాత్రం రెండు వేల వరసలు తేడా వచ్చాయంటే కారణం తరచూ మొదటి రెండింట్లోనే దొరుకుతుంది. వరసల సంఖ్య, ప్రతి అంకెల కాలమ్ మొత్తం, నల్‌ల సంఖ్య రెండు వైపులా పోల్చి, కనీసం ఒక నెలాఖరు రెండు సిస్టమ్‌లనూ పక్కపక్కన నడిపించి చూడాలి. జీతం ఆ పోలికకే.

ఏఐ ఏజెంట్‌కి డేటాబేస్ అందించాల్సి వస్తే ఇవి తప్పనిసరి: చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న వేరే రోల్ (లాగిన్), అసలు సర్వర్‌కి బదులు దాని నకలైన రెప్లికా, 30 సెకన్ల స్టేట్‌మెంట్ టైమ్‌అవుట్, ఫోన్, ఆధార్ కాలమ్‌లు కనిపించని వ్యూలు, ప్రతి క్వెరీ లాగ్. "జాగ్రత్తగా ఉండు" అని ప్రాంప్ట్‌లో రాస్తే రక్షణ కాదు. రోల్‌కి డిలీట్ అనుమతి లేకపోవడం రక్షణ.

ఇబ్బంది షిఫ్టులతో. అమెరికా క్లయింట్లయితే మన రాత్రి వాళ్ల పగలు. ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్లు దీన్ని ముందే ఇంట్లో మాట్లాడుకోవాలి.

## డేటా ఇంజినీరింగ్

డేటాను చేరవేసే పైప్‌లైన్ కోడ్ ఏఐ బాగా రాస్తుంది. ఆ పైప్‌లైన్‌లో పారే డేటా దానికి తెలియదు. మన దగ్గర దీనికి చక్కటి ఉదాహరణ "వరంగల్ జిల్లా" అన్న రెండు మాటలే. 2016 అక్టోబర్‌లో జిల్లాలు విడిపోక ముందు వరంగల్ అంటే జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపులన్నీ కలిసిన పెద్ద జిల్లా. తర్వాత వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్ అయ్యాయి. 2019లో ములుగు విడిగా జిల్లా అయింది. 2021లో అర్బన్‌కి హన్మకొండ అని, రూరల్‌కి వరంగల్ అని పేరు మారింది, కొన్ని మండలాలు అటూ ఇటూ అయ్యాయి. పదేళ్ల పత్తి దిగుబడిని జిల్లా పేరు మీద గ్రూప్ చేస్తే వరంగల్‌లో పత్తి కుప్పకూలినట్టు గ్రాఫ్ వస్తుంది. దాని కింద ఏఐ రెండు పేరాల కారణాలు కూడా రాసిపెడుతుంది, వానలు, గులాబీరంగు పురుగు అంటూ. సరైన పద్ధతి మండలం స్థాయికి దిగి, ఏ మండలం ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఏ జిల్లాలో ఉందో చెప్పే పట్టిక కట్టుకుని, దాని మీదుగా కలపడం.

పేర్లదీ ఇదే గొడవ. శ్రీనివాస్ అన్న పేరును ఇంగ్లీషు అక్షరాల్లో కనీసం నాలుగు రకాలుగా రాస్తారు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట ఒక్క అక్షరం. ఒకే మనిషి ముగ్గురవుతాడు, లేదా ముగ్గురు ఒక్కరవుతారు. ఇదంతా ఓపిగ్గా విప్పడం ఇష్టమైతే ఈ దారి మీకు నప్పుతుంది. స్పార్క్, ఎయిర్‌ఫ్లో సాధనాలు మాత్రమే. వాటిని ఆర్నెల్లలో ఎవరైనా పట్టుకుంటారు. ఒక పైప్‌లైన్ రెండుసార్లు నడిచినా డేటా రెట్టింపు కాకుండా రాయడం, క్లౌడ్‌లో ఒక క్వెరీ ఎన్ని గిగాబైట్లు చదువుతుందో నడపక ముందే చూసుకోవడం, ఈ రెండు అలవాట్లుంటే సగం ఇంటర్వ్యూ గెలిచినట్టే.

## బ్యాకెండ్ డెవలపర్

యాప్ వెనక సర్వర్‌లో నడిచే కోడ్ రాసే పని ఇది, కొత్తవాళ్లకు ఇప్పుడు బాగా ఇరుకైన దారి. ఫ్రెషర్‌కి ఇచ్చే చిన్న పనులే ఏఐ ముందుగా తీసేసుకుంది. సీనియర్ల సంగతీ అనుకున్నంత తేలిక కాదు. 2025లో ఏఐని పరీక్షించే మీటర్ (METR) సంస్థ 16 మంది అనుభవమున్న ఓపెన్ సోర్స్ డెవలపర్లతో 246 పనులు చేయించింది. ఏఐ వాడినప్పుడు వాళ్లకు 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. వాళ్లు మాత్రం 20 శాతం వేగంగా చేశామనుకున్నారు. తాము బాగా ఎరిగిన పెద్ద కోడ్‌లో చేసిన పని అది, అందరికీ అన్ని చోట్లా అలాగే ఉంటుందని కాదు.

డేటాబేస్ బాగా తెలిసిన డెవలపర్‌కి ఇక్కడ ఒక మేలుంది. ఏఐ రాసే కోడ్‌లో తరచూ దొరికే తప్పులు డేటాబేస్ వైపువే: జాబితాలో 200 పేర్లుంటే 201 క్వెరీలు వేయడం, డబ్బు తీసే అడుగు, వేసే అడుగు ఒకే ట్రాన్సాక్షన్‌లో లేకపోవడం, ఇద్దరు ఒకేసారి బటన్ నొక్కితే ఏమవుతుందో ఆలోచించకపోవడం. ఈ మూడూ రివ్యూలో పట్టగలిగితే మిగతా ఫ్రెషర్ల గుంపులోంచి బయటపడతారు.

## వెక్టర్ సెర్చ్, ఏఐ యాప్‌లు

పాఠాన్ని దాని అర్థాన్ని చూపే అంకెల వరసగా, అంటే వెక్టర్‌గా మార్చి (ఈ మార్పే ఎంబెడింగ్), అర్థం దగ్గరగా ఉన్నవాటిని వెతకడం వెక్టర్ సెర్చ్. ఫీజులు ఎక్కువగా వసూలయ్యేది దీని పేరు మీదే. విషయం మాత్రం చాలావరకు పాత డేటాబేస్ పనే. పోస్ట్‌గ్రెస్‌కి పీజీవెక్టర్ అనే చేర్పు ఉంది, ఒరాకిల్ 23ఏఐలో వెక్టర్లున్నాయి, ఎస్‌క్యూఎల్ సర్వర్ 2025లోనూ వచ్చాయి. 1536 కొలతల వెక్టర్ ఒక్కటి 6 కిలోబైట్లు. పది లక్షల పేరాలంటే వెక్టర్లకే 6 గిగాబైట్ల పైచిలుకు, ఇండెక్స్ అదనం. "వరంగల్ జిల్లా ఉత్తర్వులు మాత్రమే" అని ఫిల్టర్ పెడితే ఒక్కోసారి పది ఫలితాలకు రెండే వస్తాయి. హెచ్‌ఎన్‌ఎస్‌డబ్ల్యూ అనే వెక్టర్ ఇండెక్స్ మామూలు సెట్టింగ్‌లో ముందు దగ్గరి 40 వరసలు ఏరుతుంది, ఫిల్టర్ ఆ తర్వాత పడుతుంది, అదీ కారణం. పీజీవెక్టర్ 0.8 నుంచి దీనికి ఇటరేటివ్ స్కాన్ (చాలినన్ని దొరికేదాకా మళ్లీ వెతకడం) ఉంది, ఆన్ చేసుకోవాలి. ఎంబెడింగ్ మోడల్ మారిస్తే పాత వెక్టర్లన్నీ మళ్లీ కట్టాల్సిందే. తెలుగు పాఠానికి చాలా మోడళ్లలో ఇంగ్లీషు కన్నా ఎక్కువ టోకెన్లు (మోడల్ పాఠాన్ని విడగొట్టే ముక్కలు) పడతాయి కాబట్టి ఖర్చు లెక్క వేరే వేసుకోవాలి.

దీన్ని ఒంటరి దారిగా తీసుకోవద్దు. డీబీఏ, డేటా ఇంజినీరింగ్, బ్యాకెండ్‌లలో ఏదో ఒకటి వచ్చాక పైన వేసుకుంటే విలువ వస్తుంది.

## ఊళ్లో చిన్న సంస్థల డేటాబేస్

దీని గురించి ఎవరూ కోర్సు చెప్పరు. హన్మకొండ ప్రైవేటు ఆస్పత్రులు, జిన్నింగ్ మిల్లులు, చిట్‌ఫండ్ ఆఫీసులు, కరీంనగర్ గ్రానైట్ యూనిట్లు, రైస్ మిల్లులు: ఎన్నో చోట్ల ఒక పాత కంప్యూటర్‌లో ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ నడుస్తూ ఉంటుంది, దాన్ని చూసే నాథుడు ఉండడు. 2022 వెర్షన్ దాకా ఎక్స్‌ప్రెస్‌లో ఒక్కో డేటాబేస్ 10 గిగాబైట్లు దాటదు. ఆ గీత తాకిన రోజు కొత్త బిల్లు పడదు, సాఫ్ట్‌వేర్ పాడైందనుకుంటారు. 2025 వెర్షన్‌లో ఆ పరిమితి 50 గిగాబైట్లు. ఎక్స్‌ప్రెస్‌లో పనులను వేళకు నడిపే ఏజెంట్ సర్వీస్ (ఇది ఏఐ ఏజెంట్ కాదు) ఉండదు కాబట్టి బ్యాకప్‌ను విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టాలి. ఆ స్క్రిప్టు ఏఐ నిమిషంలో రాస్తుంది. బ్యాకప్ అదే డిస్క్‌లో పడుతోందని, రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వైరస్) వస్తే రెండూ పోతాయని వెళ్లి చూసినవాళ్లకే తెలుస్తుంది.

ఇక్కడ అమ్మాల్సింది ఏడాది ఒప్పందం: నెలకోసారి వేరే మెషీన్‌లో రీస్టోర్ చేసి చూపించడం, డేటాబేస్ ఎంత పెరిగిందో రాసివ్వడం, పాస్‌వర్డ్‌లు మార్చడం. పేషెంట్ల వివరాలు ఏఐ చాట్‌లో అతికించే అలవాటును మాన్పించడం కూడా మీ పనే. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో భద్రతా ఏర్పాట్లు లేకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. చిన్న ఆస్పత్రికి అంత పడుతుందని కాదు, యజమాని చెవిన మాత్రం వేయాలి. బాధ ఒక్కటే, డబ్బు చేతికి రావడం. "పండక్కి ఇస్తాం సార్" అన్న మాట చాలాసార్లు వినాలి. ఆర్నెల్ల డబ్బు ముందే తీసుకోకుండా మొదలుపెట్టొద్దు.

## ఎవరికి ఏది

ఇంజినీరింగ్ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లు బ్యాకెండ్ పునాదితో డేటాబేస్ లోతుగా నేర్చుకుంటే రెండు వైపులా తలుపులుంటాయి. వెక్టర్ కోర్సుకి ఇప్పుడే డబ్బు పెట్టొద్దు.

ఎనిమిదేళ్ల ఒరాకిల్ డీబీఏ ఉద్యోగం వదిలి ఏఐ ఇంజినీర్ కావాలనుకోవడం నష్టపు బేరం. అదే చేత్తో పోస్ట్‌గ్రెస్, ఒక క్లౌడ్ నేర్చుకుని మార్పిడి ప్రాజెక్టుల్లోకి వెళ్లడం దగ్గరి దారి.

రిపోర్టుల్లో నాలుగేళ్లున్నవాళ్లు డేటా ఇంజినీరింగ్‌కి వెళ్లాలి. పెళ్లి, పిల్లల కోసం ఉద్యోగం మానేసి మళ్లీ మొదలుపెట్టేవాళ్లకు కూడా అదే నప్పుతుంది, షిఫ్టులు తక్కువ. అమ్మానాన్నల్ని చూసుకోవాల్సి వచ్చి ఊరు కదల్లేనివాళ్లు చిన్న సంస్థల పనిని రిమోట్ డీబీఏ పనితో కలిపి చూడొచ్చు. ఒక్కదాని మీదే ఇల్లు నడవడం మొదట్లో కష్టం.

## ఫీజు కట్టే ముందు మూడు వారాలు

8 జీబీ ల్యాప్‌టాప్, ఉచితంగా దొరికే పోస్ట్‌గ్రెస్ చాలు. లాట్, కాంటా, చెల్లింపు పట్టికలు కట్టి, వరస అంకెలు పుట్టించే జెనరేట్ సిరీస్‌తో కాంటా పట్టికలో కోటి వరసలు నింపండి. మొదటి వారం ఏఐతో ఇరవై రిపోర్టులు రాయించి, ప్రతిదాన్నీ ఐదు లాట్ల మీద కాగితంతో సరిచూడండి. ఏది ఎందుకు తప్పిందో ఒక నోట్‌బుక్‌లో రాయండి. రెండో వారం బ్యాకప్ తీసి, పట్టిక తుడిచేసి, మళ్లీ తెచ్చేసరికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాయండి; మరుసటి రోజు, తుడిచిన క్షణానికి సరిగ్గా ఒక నిమిషం ముందున్న స్థితికి తెచ్చేలా ప్రయత్నించండి. దానికి వాల్ ఆర్కైవింగ్ (ప్రతి మార్పు చిట్టానూ దాచిపెట్టడం) ముందే పెట్టుకోవాలి, చాలామంది ఇక్కడే తడబడతారు. మూడో వారం పాత, కొత్త జిల్లాల పేర్లున్న ఫైలు ఒకటి తెచ్చి మండలంవారీగా కలపండి.

మొదటి వారం తప్పులు వెతకడంలో పొద్దు తెలియకపోతే రివ్యూ ఎక్కువుండే బ్యాకెండ్ చూడండి. రెండో వారం అలా గడిస్తే డీబీఏ, మూడోదైతే డేటా ఇంజినీరింగ్. ఇంటర్వ్యూకి సర్టిఫికెట్ కన్నా ముందు ఆ నోట్‌బుక్ తీసి, ఏఐ రాసిన ఏ క్వెరీ తప్పో, దాన్ని ఎలా పట్టుకున్నారో ఉన్న పేజీ చూపించండి.